ట్రక్కు క్యాంపర్ బాక్సు మౌంట్లు గట్టి చేయించాలంటే: నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఫోర్‌బైఫోర్ లారీ కొని, వెనక ఇల్లులాంటి బాక్సు కట్టించుకుని ఊళ్లు తిరగాలన్న సరదా మన వైపు కూడా మొదలైంది. బాక్సు లోపల మంచం ఎలా ఉండాలి, సోలార్ ఎన్ని వాట్లు పెట్టాలి అని నెలల తరబడి ఆలోచిస్తారు. ఆ బాక్సును చాసిస్ మీద నిలబెట్టే నాలుగు ఇనప ముక్కల సంగతి మాత్రం అవి విరిగాకే గుర్తొస్తుంది. ఈ ప్రశ్నలన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

మౌంట్ అంటే ఏ భాగం?

చాసిస్‌కీ బాక్సుకీ మధ్య ఉన్నదంతా మౌంటే. బాక్సు అడుగున ఉండే ఇనప చట్రం (సబ్‌ఫ్రేమ్), దాన్ని చాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు, బోల్టులు, బుష్‌లు, స్ప్రింగులు అన్నీ అందులోకే వస్తాయి. బ్రాకెట్ విరిగిందని దాన్ని ఒక్కదాన్నే చూస్తే అసలు కారణం సాధారణంగా దొరకదు.

లారీ బాడీ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది కదా, నా బాక్సు మౌంట్ ఏడాదికే ఎందుకు పగిలింది?

లారీ చాసిస్ అంటే రెండు పొడవాటి ఛానళ్లు (నిలువు ముఖం, దాని పైనా కిందా అడ్డంగా రెక్కలు), మధ్యలో అడ్డంగా కొన్ని క్రాస్ మెంబర్లు. బరువుకు వంగకుండా అది బాగా ఆపుతుంది, మెలి తిరగడాన్ని మాత్రం పెద్దగా ఆపదు. కంపెనీవాళ్లు దాన్ని అలాగే ఉంచుతారు, ఎందుకంటే ఒక చక్రం గుంతలో పడ్డా మిగతా మూడూ నేలను వదలకూడదు. ఆరు వైపులా మూసిన బాక్సు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, అది మెలి తిరగనే తిరగదు. నులక మంచం మీద బీరువా పెట్టి మంచం కోడు ఒకటి ఎత్తితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. మంచం ఓరగా పోతుంది, బీరువా పోదు, ఆ తేడా అంతా రెండూ ఆనుకున్న చోట పడుతుంది.

మరి సరుకు లారీకి ఈ గొడవ ఎందుకు లేదు? దాని బాడీకి పైకప్పు ఉండదు, పక్క డోర్లు విడివిడిగా ఉంటాయి, చాలావాటికి అడుగున చెక్క ఉంటుంది. చాసిస్‌తో పాటు బాడీ కూడా మెలి తిరుగుతుంది. అందుకే చెక్క ప్యాకింగ్ వేసి యూ బోల్టులతో కట్టేస్తే సరిపోతుంది. ఆటోనగర్ షెడ్లలో అందరి చేతికీ అలవాటైన పద్ధతి ఇదే, సరుకు లారీకి అదే సరైనది కూడా. చిక్కల్లా అదే పద్ధతిని మూసిన బాక్సుకు వాడినప్పుడే.

నమ్మకం కుదరకపోతే హైవే పక్కన ఆగిన డీజిల్ ట్యాంకర్ల కింద ఒకసారి వంగి చూడండి. ట్యాంకు కూడా మెలి తిరగని వస్తువే. చాలావాటికి ముందు వైపు బోల్టుల మీద స్ప్రింగులు కనిపిస్తాయి. మీ బాక్సుకు కావలసిన జవాబు ఆ ట్యాంకర్ కింద ఉంది, పక్కన నిలబడిన గ్రానైట్ లారీ కింద లేదు.

“ఏం కాదన్నా, ఇంకో పది ఎమ్మెమ్ ప్లేటు వేసి చుట్టూ వెల్డింగ్ కొట్టేస్తే జన్మలో విరగదు” అంటున్నాడు మేస్త్రీ. చేయించమంటారా?

వద్దు. ఆ బ్రాకెట్ విరగకపోవచ్చు, మేస్త్రీ మాట అంతవరకు నిజమే. కానీ చాసిస్ మెలి తిరగడం ఆగదు కాబట్టి ఆ బలం ఇంకో చోటు వెతుక్కుంటుంది. సబ్‌ఫ్రేమ్ మూలలో పగులు వస్తుంది, లేదా బాక్సు ప్యానెళ్ల అతుకు విడిపోయి వానకు నీళ్లు కారతాయి, తలుపు బిగుసుకుపోతుంది. అన్నిటికంటే చెడ్డది చాసిస్ ఛానలే పగలడం. బ్రాకెట్ పోతే ఒక రోజు పని. చాసిస్ పోతే బండినే పక్కన పెట్టాలి.

మౌంట్ గట్టి చేయడం అంటే మొదట మెలికకు దారి వదలాలి. ఆ తర్వాత మిగిలిన మూడు బలాలకు, అంటే పైకీ కిందకీ ఎగరడం, బ్రేకు వేస్తే ముందుకు జారడం, మలుపులో పక్కకు తోయడం, వీటికి గట్టిగా అడ్డం నిలబడాలి. ఈ క్రమం తప్పితే ఎంత ఇనుము పోసినా దండగే.

నా ట్రక్కు చాసిస్ ఎంత మెలి తిరుగుతుందో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, తప్పకుండా తెలుసుకోవాలి కూడా. చదునైన నేల మీద బండి ఆపి, క్యాబ్ వెనక గోడకూ బాక్సు ముందు గోడకూ మధ్య ఖాళీని పైన రెండు మూలల్లో, కింద రెండు మూలల్లో టేపుతో కొలిచి సుద్దతో అక్కడే రాయండి. సబ్‌ఫ్రేమ్‌కూ చాసిస్‌కూ మధ్య సందును కూడా రెండు వైపులా ముందు, మధ్య, వెనక కొలవండి. ఇప్పుడు ముందు ఎడమ చక్రాన్ని, వెనక కుడి చక్రాన్ని 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మల మీదికి మెల్లగా ఎక్కించండి. మిగతా రెండు చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి మళ్లీ అవే చోట్ల కొలవండి. తర్వాత దిమ్మలు రెండో జత చక్రాలకు మార్చి ఇంకోసారి.

క్యాబ్‌కు కూడా సొంత రబ్బర్లు ఉంటాయి, కాబట్టి క్యాబ్ పక్కకు వాలడాన్ని కొంత తీసేసి చూసుకోవాలి. సబ్‌ఫ్రేమ్ సందు మాత్రం నిజం చెబుతుంది. సందు అస్సలు మారలేదంటే రెండిట్లో ఒకటి: కమాను కట్టలే మొత్తం సర్దుకున్నాయి, లేదా చాసిస్, బాక్సు ఒకదాన్నొకటి పీక్కుంటున్నాయి. తలుపు తీసి వేసి చూడండి. దిమ్మల మీద ఉన్నప్పుడు తలుపు పట్టేస్తుంటే రెండోదే జరుగుతున్నట్టు.

దిమ్మల మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరకండి. పక్క నుంచి టార్చి వేసి చూడండి, చాలు.

ఎన్ని రకాల మౌంట్లున్నాయి? నాకు ఏది నప్పుతుంది?

ముఖ్యంగా మూడు. మొదటిది త్రీ పాయింట్: ఒక చివర రెండు వైపులా స్థిరమైన మౌంట్లు, రెండో చివర మధ్యలో ఒక్క పివట్, అంటే అటూ ఇటూ తిరిగే కీలు. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు కదా, సూత్రం అదే. చాసిస్ ఎంత తిరిగినా బాక్సుకు ఆ మెలిక అందదు. కష్టమేమిటంటే ఆ మధ్య పివట్ మీద పడే బరువంతా ఒక క్రాస్ మెంబర్ మోయాలి. కంపెనీ ఇచ్చిన క్రాస్ మెంబర్ అందుకోసం పెట్టింది కాదు. రెండు ఛానళ్ల నిలువు ముఖాలకు బోల్టు చేసిన కొత్త క్రాస్ మెంబర్ వేయకుండా త్రీ పాయింట్ కట్టకండి.

రెండోది ఫోర్ పాయింట్ డైమండ్: ముందు మధ్యలో ఒక పివట్, వెనక మధ్యలో ఒకటి, నడుమ అటూ ఇటూ రెండు. బరువు బాగా పంచుకుంటుంది, పొడవాటి బాక్సులకు మంచిది. కానీ పివట్లు ఒకే గీతలో కూర్చోవాలి, ఫ్యాబ్రికేషన్ కచ్చితంగా ఉండాలి. డ్రాయింగ్ చూసి పని చేసే షెడ్డు దొరికితేనే ఆలోచించండి.

మూడోది స్ప్రింగ్ మౌంట్. సబ్‌ఫ్రేమ్ చాసిస్ పొడవునా ఆని కూర్చుంటుంది. వెనక గట్టిగా బిగిస్తారు, ముందు బోల్టులకు స్ప్రింగులు పెడతారు. చాసిస్ మెలి తిరిగినప్పుడు ఒక వైపు స్ప్రింగు నొక్కుకుని సందు తెరుచుకుంటుంది, నేల చదునయ్యాక మళ్లీ మూసుకుంటుంది. బరువు ఛానల్ పొడవునా పరుచుకుంటుంది కాబట్టి చాసిస్‌కు హాయి. మన రోడ్లకు, మన షెడ్లలో దొరికే పనితనానికి నేను చెప్పేది ఇదే. ఒంగోలు, నెల్లూరు మధ్య హైవే, కనిగిరి, పొదిలి వైపు ఊరి రోడ్లు, పెన్నా ఒడ్డున ఇసుక బాట, ఏడాదికోసారి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్, వీటికి ఇది చాలినంత పైనే. నల్లమలలో ఘాట్ మలుపుల దగ్గర వచ్చే మెలిక కంటే ఊరి బయట కాలవ గట్టు మీద నుంచి మూలగా దిగేటప్పుడు వచ్చేదే ఎక్కువ.

స్ప్రింగులు ముందే ఎందుకు? వెనక పెడితే?

వెనక ఇరుసు మీద చాసిస్ గట్టిగా ఉంటుంది, కమాను బ్రాకెట్లన్నీ అక్కడే ఉంటాయి. క్యాబ్‌కూ వెనక చక్రాలకూ మధ్య భాగమే ఎక్కువ తిరుగుతుంది. గట్టిగా ఉన్న చోట బిగించి, కదిలే చోట వదలడం న్యాయం.

స్ప్రింగు బిగువు విషయంలో ఒక మాట. మరీ వదులుగా ఉంటే గతుకుల్లో బాక్సు ముందు భాగం ఎగిరి కొడుతుంది. పూర్తిగా నొక్కేసి బిగిస్తే చుట్లు ఒకదాన్నొకటి తాకి స్ప్రింగు ఉత్త గొట్టమవుతుంది, పెట్టీ పెట్టనట్టే. దిమ్మల పరీక్షలో మీరు కొలిచిన సందు కంటే స్ప్రింగులో మిగిలిన కదలిక ఎక్కువుండాలి. ఇంకోటి, స్ప్రింగు నిలువు కదలికను మాత్రమే చూసుకుంటుంది. పక్కకు జారకుండా సబ్‌ఫ్రేమ్ నుంచి కిందికి దిగి ఛానల్‌ను ఆనుకునే గైడ్ ప్లేట్లు రెండు వైపులా వేయాలి. ఇవి లేకుండా స్ప్రింగులు మాత్రమే పెట్టిన బాక్సు ప్రతి మలుపులో ఆ బోల్టులనే నమ్ముకుని నిలబడుతుంది.

మొత్తం మార్చే బడ్జెట్ లేదు. ఉన్న మౌంట్లనే బలపరచుకోవచ్చా?

దిమ్మల పరీక్షలో బాక్సు స్వేచ్ఛగా ఉందని తేలితే బలపరచుకోవచ్చు. ఇనుము ఎక్కడ వేయాలో చూసి వేయాలి.

బ్రాకెట్ సాధారణంగా విరిగేది వంపు మూలలోనో వెల్డింగ్ అంచులోనో. ఆ మూలకు 6 ఎమ్మెమ్ ప్లేటుతో త్రికోణపు గస్సెట్ వేయించండి. కానీ గస్సెట్ కొనను కత్తిలా వదిలేస్తే పగులు అక్కడే పుడుతుంది. కొన గుండ్రంగా అరగదీయాలి, మూలలో వెల్డింగులు ఒకదానిమీద ఒకటి పడకుండా చిన్న అర్ధచంద్రపు కోత పెట్టాలి. సబ్‌ఫ్రేమ్‌కు బ్రాకెట్ తగిలే చోట పెద్ద డబ్లర్ ప్లేటు (పైన అతికే అదనపు ప్లేటు) వేస్తే బరువు పరుచుకుంటుంది. దాన్ని చతురస్రంగా కాకుండా డైమండ్ ఆకారంలో కోయించండి, అప్పుడు గొట్టానికి అడ్డంగా నేరు వెల్డింగ్ గీత రాదు.

సబ్‌ఫ్రేమ్ ముందు కొన చూడండి. చాలామంది దాన్ని రంపంతో కోసినట్టు నిలువుగా వదిలేస్తారు. అక్కడి వరకు గట్టిగా ఉన్నది ఒక్కసారిగా ఉత్త చాసిస్‌గా మారేసరికి ఆ గీత దగ్గరే ఛానల్ అలసిపోతుంది. కొనను కింది వైపు ఏటవాలుగా సన్నబరిచి, అంచు గుండ్రం చేయించండి. పైసా ఇనుము ఖర్చు లేని రిపేరు, చాసిస్‌కు మాత్రం చాలా పెద్ద మేలు.

బ్రేకు బలం కోసం వెనక వైపు రెండు పక్కలా షియర్ ప్లేట్లు ఉండాలి. అవి సబ్‌ఫ్రేమ్‌కు వెల్డ్ అయి, ఛానల్ నిలువు ముఖానికి బోల్టు అవుతాయి. యూ బోల్టులున్న చోట అవే ముందుకు జారకుండా ఆపుతాయనుకోవద్దు. యూ బోల్టు పట్టు రాపిడి మీదే ఆధారపడుతుంది. మన ఎండలకు చెక్క ప్యాకింగ్ ఎండి కుంచించుకుపోతే ఆ రాపిడి కూడా పోతుంది. యూ బోల్టు వాడక తప్పకపోతే ఛానల్ లోపల గట్టి దిమ్మ పెట్టాలి, లేకపోతే బిగించేకొద్దీ రెక్కలు లోపలికి వంగుతాయి. సైలెన్సర్ దగ్గర చెక్క వద్దే వద్దు.

చాసిస్‌కు రంధ్రం వేయవచ్చా? వెల్డింగ్?

ఛానల్ పై రెక్కకూ కింది రెక్కకూ రంధ్రమూ వద్దు, వెల్డింగూ వద్దు. వంగే బలమంతా వాటి మీదే ఉంటుంది. ముందు కంపెనీ వేసిన రంధ్రాలు వాడుకోండి. కొత్తది తప్పకపోతే నిలువు ముఖంలో, రెక్కలకు దూరంగా, పాత రంధ్రానికి మరీ దగ్గర కాకుండా, డ్రిల్లుతోనే వేయాలి. గ్యాస్ కటింగ్‌తో కాల్చిన రంధ్రం అంటే అంచంతా పగుళ్లకు విత్తనాలు చల్లినట్టే.

ఏ బోల్టులు వాడాలి?

తల మీద 8.8 అని ఉన్నవి. మొదటి 8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్, తర్వాతి 8 అంటే దానిలో 80 శాతం వరకు సాగిపోకుండా నిలబడుతుందని. ఎం16 సైజు (16 ఎమ్మెమ్ లావు) 8.8 బోల్టు ఒక్కటే సాగకుండా దాదాపు 9 టన్నుల లాగుడు తట్టుకుంటుంది. అందుకే బోల్టు విరిగిందంటే అది చిన్నదై విరగడం అరుదు. వదులై, రోజూ అటూ ఇటూ కొట్టుకుని అలసిపోయి విరుగుతుంది. లావు బోల్టు వెతికే ముందు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) కొనండి. ఎం12 కు సుమారు 80, ఎం16 కు సుమారు 200 న్యూటన్ మీటర్లు. గట్టి వాషర్లు రెండు వైపులా, పైన మెటల్ లాక్‌నట్టు. స్ప్రింగ్ వాషర్‌ను నమ్ముకోవద్దు.

ప్లేట్లు కలిసే ముఖాల మీద మందంగా పెయింట్ కొట్టి బిగిస్తే ఆ పెయింట్ నలిగి కొన్నాళ్లకు బోల్టు తనంతట తానే వదులవుతుంది. పల్చటి ప్రైమర్ చాలు. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 500 తర్వాత ఒకసారి మళ్లీ బిగించి, నట్టు నుంచి ప్లేటు మీదికి పెయింట్ గీత గీయండి. గీత విరిగిందంటే నట్టు తిరిగినట్టు.

వెల్డింగ్ విషయంలో ఏం చూసుకోవాలి?

షెడ్డులో మామూలుగా దొరికే 6013 రాడ్ గేట్లకు, గ్రిల్లులకు బాగుంటుంది. మౌంట్లకు 7018 అడగండి. ఆ రాడ్డుకు తేమ శత్రువు, సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లలో తేమకు కొదవేముంది! తెరిచిన ప్యాకెట్‌లోవైతే ఓవెన్‌లో 300 డిగ్రీల పైన గంటకు పైగా వేడి చేసి వాడాలి. సీఓటూ వెల్డింగ్ అయితే మధ్యాహ్నం మళ్లే సముద్రపు గాలికి గ్యాస్ చెదిరిపోతుంది, అడ్డం కట్టించండి.

బ్యాటరీ తీసేయాలి, కొత్త బండ్లయితే ఈసీయూ (ఇంజను కంప్యూటర్) కనెక్టర్లు కూడా. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే పెట్టాలి, బేరింగుల గుండా కరెంటు పోకూడదు. కమాను కట్టల మీద నిప్పురవ్వలు పడకుండా తడి గోనె కప్పండి, ఒక్క చుక్క అతుక్కున్నా ఆ పట్టా అక్కడే విరగొచ్చు. బాక్సు గోడల్లో పీయూ ఫోమ్ (వేడి ఆపే, సులువుగా అంటుకునే నురుగు) ఉంటే పక్కన నీళ్ల బకెట్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, చూస్తూ నిలబడే మనిషి ఉండాల్సిందే.

సన్నటి పగులును ఎలా పట్టుకోవాలి?

బోల్టు చుట్టూ తుప్పు రంగు పొడి రాలి ఉంటే, లేదా తల నుంచి ఎర్రటి చార కిందికి కారి ఉంటే, అక్కడ రెండు ముఖాలు రాసుకుంటున్నాయి. పెయింట్ మీద వెంట్రుకలాంటి గీత, దానికి అటూ ఇటూ పెయింట్ పెచ్చులు లేచి ఉంటే అది చాలావరకు పగులే. పెయింట్ గీకి, శుభ్రంగా తుడిచి, కిరోసిన్ రాసి పావుగంట వదిలేయండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి సుద్దపొడి అద్దండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి సుద్ద మీద చీకటి గీతగా కనిపిస్తుంది. డై పెనెట్రంట్ స్ప్రేలు దొరికితే ఇదే పని ఇంకా స్పష్టంగా చేస్తాయి.

పగిలిన బ్రాకెట్‌కు అదే గీత మీద వెల్డింగ్ కొట్టడం కంటే కొత్త బ్రాకెట్ చేయించడం నయం. చాసిస్ ఛానల్‌లో పగులు కనిపిస్తే మాత్రం సొంత వైద్యం వద్దు, ఫ్రేమ్ పని తెలిసిన చోటికి తీసుకెళ్లండి.

ఎంత బరువుకు లెక్క వేసుకోవాలి?

నీళ్లు నింపి, గ్యాస్, సామాను, మనుషుల బట్టలతో సహా తూనిక వేయించండి. కాటా దగ్గర ముందు ఇరుసు, వెనక ఇరుసు విడిగా తీయించుకోండి. బాక్సు 2 టన్నులనుకుందాం. గట్టిగా బ్రేకు వేస్తే దాదాపు టన్నున్నర బలంతో ముందుకు తోస్తుంది. గుంతలో పడి లేచేటప్పుడు బరువుకు మూడింతలు, అంటే 6 టన్నులు, అనుకుని మౌంట్లు కట్టడం మంచి అలవాటు. ఆ క్షణంలో ఒక మౌంట్ బరువు వదిలేస్తే మిగిలినవే మోయాలి. వెనక గోడకు స్టెప్నీ, బైకు తగిలించే ముందు కూడా లెక్క చూడండి. ఇరుసుకు ఎంత వెనక వేలాడితే వెనక మౌంట్లను అంత ఎక్కువ పీకుతుంది.

కింద రబ్బర్ బెల్టు ముక్కలు వేస్తే కుదుపు తగ్గుతుందా?

చప్పుడు, రాపిడి తగ్గుతాయి. మెలికకు అది జవాబు కాదు. మెత్తటి మందపాటి రబ్బరు మీద బోల్టు టార్క్ కూడా నిలవదు. పివట్‌లో ఇనప గొట్టం ఉన్న రబ్బర్ బుష్ వేరే సంగతి, అది వాడాల్సిందే.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల దగ్గరే ఎక్కువ ఆపుతాను. తుప్పుకు ఏం చేయాలి?

మూసిన గొట్టాలకు అన్నిటికంటే కింది మూలలో నీళ్లు పోయే రంధ్రం ఉండాలి, లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా చల్లే మైనం) కొట్టించాలి. తీరం నుంచి వచ్చిన రోజే కింద మంచినీళ్లతో కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లో కడిగితే లాభం లేదు. 8.8 బోల్టులు గాల్వనైజ్ చేసినవి (జింకు పూత వేసినవి) తీసుకోవచ్చు. అంతకంటే గట్టి 12.9 రకం మీద ఆ పూత వద్దు, పెళుసెక్కే ప్రమాదం ఉంది.

ఆర్టీఓ ఒప్పుకుంటారా?

మౌంట్ బలపరచడం రిపేరు. బాడీ రకం మార్చడం వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. బాక్సు కట్టించకముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

క్యాబ్ లోంచి బాక్సులోకి దారి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, మధ్యలో మడతల రబ్బర్ బెల్లో ఉంటేనే. రేకుతో కలిపేస్తే ఇంతసేపూ వదిలిన మెలికంతా ఆ రేకులోకే వస్తుంది.

ఒంగోలు దాటాక బ్రాకెట్ విరిగింది, నెల్లూరు చేరాలి. ఎలా?

నీళ్ల ట్యాంకు ఖాళీ చేయండి, వెనక బైకుంటే దించేయండి. విరిగిన చోట సబ్‌ఫ్రేమ్‌కూ చాసిస్‌కూ మధ్య గట్టి చెక్క దిమ్మ దూర్చి, లారీ రాచెట్ బెల్టులు రెండు సబ్‌ఫ్రేమ్ మీదుగా క్రాస్ మెంబర్ చుట్టూ వేసి లాగండి. బ్రేకు పైపులు, వైర్లు బెల్టు కింద నలగకుండా చూసుకోండి, సైలెన్సర్‌కు దూరంగా ఉంచండి. ఇంకో బెల్టు బాక్సు ముందుకు జారకుండా వెనక్కి కట్టాలి. విరిగిన బ్రాకెట్ ముక్క రోడ్డున పారేయకండి, కొత్తది చేసే మేస్త్రీకి అదే కొలత. 40 స్పీడు దాటకుండా ఎడమ లేన్‌లో రండి. 20 కిలోమీటర్లకోసారి ఆగి బెల్టు బిగువు చేత్తో చూడండి. కావలి దగ్గర టీకి ఆగితే, టీ చెప్పేముందే ఆ పని కానివ్వండి.